నేను లాగి చూడని సీటు బెల్టు

పాత కారు కొనేముందు ఏమేం చూడాలో నాకు తెలుసు. తెలియకపోయి ఉంటే ఇది రాయడం ఇంత కష్టమయ్యేది కాదు.

మా చిన్నమ్మ కొడుకు, వరసకు నా తమ్ముడు, పదిహేనేళ్లపాటు మా ఊరి శివారు కాడుగోడి చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్లకు సెంట్రింగ్ పని చేశాడు. ఒకరోజు పరంజా మీద నుంచి పడ్డాడు. ఎడమ తుంటికి రాడ్డు వేశారు. బరువులు మోయకూడదు, ఎక్కువసేపు నిలబడకూడదు అని డాక్టరు చెప్పాడు. ఇక కూర్చుని చేసే పనులే మిగిలాయి. వాటిలో అతనికి వచ్చింది డ్రైవింగ్ ఒక్కటే. పసుపు బోర్డు ఉన్న పాత టాక్సీ కొని నడుపుకుంటే ఇల్లు గడుస్తుంది. మేస్త్రీతో కొట్లాడి తెచ్చుకున్న పరిహారం ఒక్క బండికే సరిపోతుంది. అది పాడయితే ఇంకొకటి లేదు.

"అన్నా, నువ్వు చూసి సరే అంటే సాలు. ఇంగెవుర్నీ అడగను," అన్నాడు.

అతను నన్నే అడగడానికి కారణముంది. నేను ముప్పై ఏళ్లు పీణ్య పారిశ్రామికవాడలో ఒక మిషన్ షాపులో ఇన్‌స్పెక్షన్ పని చేశాను. వెంట్రుకవాసి తేడా ఉన్న ముక్కను తీసి పక్కన పడేయడమే నా ఉద్యోగం. సాయంత్రాలు వాదసభలు. జాతకం, వాస్తు, ముహూర్తం మీద నేను రాసిన వ్యాసాలకు మిత్రులకన్నా విరోధులే ఎక్కువ మంది పుట్టారు. మనిషిని భయపెట్టి బతికే ప్రతి నమ్మకాన్నీ సాక్ష్యం అడగాలని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

ఒక మబ్బు పట్టిన ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం హూడిలోని ఒక పాత కార్ల యార్డుకు వెళ్లాం. దాన్ని నడిపే బ్రోకరు తాతల కాలం నుంచీ ఈ ఊరివాడే, ఊరు కన్నడదైనా ఇంట్లో తెలుగే. తెల్ల టాక్సీ ఒకటి చూపించాడు. ముందు బంపరుకు నిమ్మకాయలు, మిరపకాయల దండ. తలుపులకు పసుపు, కుంకుమ. లోపల డ్యాష్‌బోర్డు మీద రెండు అగరొత్తులు కాలుతున్నాయి.

"చూడప్పా, బండి బంగారం మాదిరి ఉండాది," అన్నాడు.

నేను నా కాగితం తీశాను. చూడవలసినవన్నీ ముందురోజే రాసుకున్నాను. బానెట్ మీద చెయ్యి పెట్టి ఇంజను చల్లగా ఉందని తేల్చుకున్నాకే స్టార్ట్ చేయించాను. పొగ రంగు చూశాను. ఆయిల్ మూత విప్పి, నీళ్లు కలిసినట్టు లోపల మీగడలాంటి తెలుపు పేరుకుందేమో చూశాను. లేదు. గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని బండి ఒంటినిండా జరిపాను. గుద్దుకున్న చోట పుట్టీ పెట్టి రంగు వేసి ఉంటే అది అంటుకోదు. అంతటా అంటుకుంది.

"ఏమి సార్, బండికి ఈసీజీ తీస్తా ఉండావా?" అని నవ్వాడు బ్రోకరు. "నా పెండ్లికి కూడా పిల్లనిట్ల చూడలేదప్పా."

తమ్ముడూ నవ్వాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక అతను నవ్వగా చూడటం అదే మొదలు.

బయట అంతా అయింది. కాగితంలో 'లోపల' అన్న భాగం మిగిలింది. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడటం, కాళ్ల దగ్గరి కార్పెట్ ఎత్తడం, డిక్కీలో స్టెప్నీ గుంట చూడటం. తలుపు తెరిచాను. అగరొత్తుల పొగ గుప్పుమంది. అప్పుడే బ్రోకరు వాచీ చూసుకున్నాడు.

"నాలుగున్నరకి రాహుకాలం పడ్తాది. అంతకుముందే అడ్వాన్సు పెట్టేయండప్పా. ఆమేల మీ ఇష్టం."

తమ్ముడి చెయ్యి జేబులోకి పోయింది. "అన్నా, బిరీన సూడు. ఆ టైములో ఇస్తే మంచిది కాదంట."

నాలో ఏదో భగ్గుమంది. నలభై ఏళ్లుగా ఎక్కడ విన్నా భగ్గుమనేదే. తెరిచిన తలుపు అలాగే వదిలేసి బ్రోకరు వైపు తిరిగాను. రాహువును ఎవరు చూశారని అడిగాను. ఆ గంటన్నరలో ఈ ఊళ్లో బస్సులు ఆగుతున్నాయా, ఆసుపత్రుల్లో కాన్పులు ఆగుతున్నాయా అని అడిగాను. అతను ఊరుకోలేదు.

"మీరు చదువుకున్నోళ్లు సార్. మా నాయన రాహుకాలంలో బండెక్కి కాలు ఇరగ్గొట్టుకున్నాడు. దానికేమంటావు?"

"తక్కిన వేళల్లో విరిగిన కాళ్లు లెక్కపెట్టావా?" అన్నాను.

"మా తమ్ముడు శుభలగ్నంలోనే పనిలో చేరాడు, పడలేదా?" అని కూడా అన్నాను. ఆ మాట తమ్ముడి ముందు అనకుండా ఉండవలసింది.

యార్డులో పనిచేసేవాళ్లు నలుగురు చుట్టూ చేరారు. సభ దొరికింది నాకు. ఎంతసేపు మాట్లాడానో తెలియదు. చివరికి బ్రోకరు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

"గెల్సినావు సార్. నీ ముందర నేనెంత!"

గడియారం అయిదు చూపిస్తోంది. నడి రాహుకాలం. నేను తమ్ముడి భుజం తట్టి, "ఇప్పుడే ఇవ్వు. ఏం జరుగుతుందో చూద్దాం," అన్నాను. అతను నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

మిగతా డబ్బు కట్టి తెచ్చుకున్నాక మూడు వారాలు బండి బాగానే తిరిగింది. నాలుగో వారం కిటికీ అద్దాలు దిగడం మానేశాయి. తర్వాత లైట్లు వాటంతట అవే వెలిగి ఆరడం మొదలైంది. ఒకరోజు ప్రయాణికులతో సహా నడిరోడ్డు మీద ఆగిపోయి మళ్లీ కదల్లేదు. కాడుగోడిలో ఒక మెకానిక్ దగ్గరికి తోయించాం. అతను బానెట్ తెరవనైనా లేదు. లోపల కూర్చుని సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాడు. ఎప్పుడూ బయటికి రాని ఆఖరి జానెడు మీద మట్టిచార ఉంది. కార్పెట్ ఎత్తితే అడుగున ఎండిన బురద పెచ్చులు. నిలవున్న మురుగు కంపు.

"వానలకి మునిగిన గాడి సార్ ఇది. వైరింగంతా తుక్కు. ఈ వాసన కొనేటప్పుడు రాలేదా?"

అగరొత్తులు ఎందుకు వెలిగించారో అప్పుడు అర్థమైంది. తమ్ముడు కూడా శుభమని రోజూ బండిలో వెలిగిస్తూనే వచ్చాడు. యార్డులో వాటిని చూసి మూఢత్వమనుకున్నానే తప్ప, అంత పొగ దేనికని అడగలేదు. సాక్ష్యం అడిగేవాణ్ణి కదా, నా ముక్కు ముందున్న సాక్ష్యాన్ని వదిలేసి, ఎవరూ చూడని గ్రహంతో యుద్ధం చేశాను.

యార్డుకు వెళ్లి అడిగితే బ్రోకరు గొంతైనా పెంచలేదు. "మీరే కదా సార్ అయస్కాంతం పెట్టి మరీ చూసుకున్యారు."

ఆ సాయంత్రం తమ్ముడి ఇంట్లో కూర్చున్నాం. అతనే నన్ను ఓదార్చాడు.

"పోనీలేన్నా. నీ తప్పేముండాది? రాహుకాలంలో ఇస్తిమి. అదే తగిలింది."

అలాగే ఊరుకుని ఉంటే నాకు సుఖంగా ఉండేది. నింద రాహువు మీదికి పోయేది, నేను అన్నగానే మిగిలేవాణ్ణి. కానీ నోరు మూసుకోలేకపోయాను. రాహువు కాదని చెప్పాను. బెల్టు లాగి చూడాలని నాకు తెలుసని, కాగితంలో రాసుకున్నానని, వాదనలో పడి చూడలేదని చెప్పాను.

మరదలు పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

"తెలిసీ సూడలేదా బావా?"

"లేదమ్మా."

"అయితే రాహుకాలమే మేలు. దానికి మమ్మల్ని సూస్తే కనికరం లేదనుకోవచ్చు."



బండిని విడిభాగాలకు అమ్మేశారు. తమ్ముడు ఇప్పుడు హూడిలో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్. పన్నెండు గంటల డ్యూటీ. కుర్చీ లేదు. కార్లు వచ్చినప్పుడల్లా లేవడానికి ఆలస్యమవుతోందని దాన్ని తీసేశారట. పోయిన వారం వెళ్లి చూశాను. గేటు కమ్మీ పట్టుకుని బరువంతా కుడికాలి మీద వేసి నిలబడ్డాడు. ఇది అన్యాయమని, ఆ అపార్ట్‌మెంటు సంఘానికి ఉత్తరం రాస్తానని, పత్రికకు కూడా రాస్తానని ఆవేశంగా అన్నాను.

"వద్దన్నా," అన్నాడు. "నువ్వు గెలుస్తావు. నా పని పోతాది."

ఒక కారు హారన్ కొట్టింది. అతను కుంటుకుంటూ గేటు తీయడానికి వెళ్లాడు.