హస్తవాసి గల ఆయమ్మ చేతులు అప్పగించిన రోజు

ప్రసవాల వార్డులో ఆమెను అందరూ నొక్కుడాయమ్మ అంటారు. మనిషి ఐదడుగులు కూడా ఉండదు. చేతులు మాత్రం ఏ పహిల్వాను దగ్గరో అరువు తెచ్చుకున్నట్టుంటాయి. కాన్పు మొరాయిస్తే పిలుపు ఆమెకే వచ్చేది. మంచం పక్కన ఎత్తుపీట వేసుకుని ఎక్కి, నొప్పి వచ్చినప్పుడల్లా పొట్ట పైభాగాన రెండు అరచేతులూ ఆనించి కిందికి నొక్కేది. బిడ్డ బయటపడేది. ఆయమ్మ హస్తవాసి మంచిదని బయట బెంచీ మీది బంధువులు చెప్పుకునేవారు. నొక్కకపోయినా బిడ్డ వచ్చేదేమో అని అడిగినవాళ్లు లేరు. ఒకామెకు పక్కటెముక విరిగితే, "ఎముకలు అతుక్కుంటాయిలే, బిడ్డ దక్కింది కదా" అని ఆయమ్మే తీర్పు చెప్పేసింది.

కొత్త డాక్టరమ్మ వచ్చాక ఆ పీట సామాన్ల గదికి చేరింది. అలా నొక్కితే గర్భసంచి చిరగొచ్చని, బిడ్డకూ దెబ్బ తగలొచ్చని, ఇకమీదట ఎవరూ పొట్ట మీద చెయ్యి వేయకూడదని ఆమె నెమ్మదిగానే చెప్పింది. ఆయమ్మ తలూపింది. ఇంటికెళ్లి మాత్రం, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల తనకు కాన్పులు నేర్పుతోందని గిన్నెలు తోముతూ గిన్నెలకే చెప్పుకుంది. రెండు సొట్టపోయాయి.

నెలలు నిండిన కోడలు అదంతా పక్కగదిలో కుట్టుమిషను ముందు కూర్చుని వింది. ఆ పిల్లది దర్జీ పని. అత్తగారు పిండి పిసుకుతుంటే గోడకు ఇవతల మిషను కదలడం ఆమెకు తెలుసు. ఆ రాత్రే మాట తేల్చుకుంది.

"కాన్పుకి మీరు లోపలుండాలి అత్తయ్యా. మీరు లేకపోతే నాకు భయం. మీ చేతులుంటే ఇంకా భయం."

"అయితే చేతులు ఇంట్లో పెట్టి రమ్మంటావా?"

"కుదిరితే అంతే."

పొట్ట మీద చెయ్యి పడిందంటే డాక్టరమ్మతో చెప్పి బయటికి పంపించేస్తానంది కోడలు. సొంత వార్డులోంచి గెంటించుకోవడాన్ని మించిన తలవంపులు ఉండవు. పైగా పుట్టబోయేది తొలి మనవసంతానం. ఆయమ్మ ఒప్పుకుంది.

తీరా ఆ రోజు రానే వచ్చింది. బిడ్డ మాత్రం రానంటోంది. డాక్టరమ్మ బిడ్డ గుండె చప్పుడు వింది, కోడల్ని ఓ పక్కకు తిప్పి పడుకోబెట్టింది, అంతా బాగానే ఉంది, తొందర లేదంది. బయట బెంచీ మీది కొడుక్కి ఆ తీరిక లేదు. అమ్మను ఒక్కసారి చెయ్యి వెయ్యమనండని నర్సుతో కబురు పంపాడు.

ఆయమ్మ చేతులు కట్టుకుంది. విప్పింది. వెనక్కి పెట్టుకుంది. పశువు పాక దారి పట్టినట్టు అవి తమంతట తామే మంచం వైపు నడిచాయి. పొట్టకు జానెడు దూరంలో ఉండగా కోడలు కళ్లు తెరిచింది.

"అత్తయ్యా, ఆ చేతులు ఇలా ఇవ్వండి."

రెండూ లాగి పట్టుకుంది. దళసరి గుడ్డల మీద పెద్ద కత్తెర ఆడించే వేళ్లవి. నొప్పి వచ్చినప్పుడల్లా బిగుసుకుంటున్నాయి. వార్డంతటినీ నొక్కిన మనిషికి నొక్కించుకోవడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"మెల్లగా అమ్మాయ్, ఎముకలు విరిగేను."

"అతుక్కుంటాయిలే అత్తయ్యా."

డాక్టరమ్మ నవ్వు దాచుకోవడానికి ముఖం తిప్పుకుంది. మరి కాసేపటికి ఆడపిల్ల పుట్టింది, ఎవరూ తొయ్యకుండా, తన తీరికను బట్టి. చంటిదాన్ని అందుకోమంటే ఆయమ్మ వేళ్లు వంగనన్నాయి. మోచేతుల మీద మోసుకుంటూ బయటికి తీసుకొచ్చింది.

"మా అమ్మ హస్తవాసి అంటే ఏమనుకున్నారు" అన్నాడు కొడుకు, బెంచీ మీది వాళ్లతో.

"నాది కాదురా, మీ ఆవిడది" అని ఆయమ్మ వాచిన వేళ్లు చూపించింది.

ఎత్తుపీట మళ్లీ వార్డులోకి వచ్చింది. ఇప్పుడు ఆయమ్మ దాని మీద కూర్చుంటుంది, గాజులు ముందే తీసి కొంగుకు ముడేసుకుని, చేతులు రెండూ మంచం మీది మనిషికి అప్పగించి. నొక్కుడాయమ్మ అన్న పేరు మాత్రం పోలేదు. నొక్కేది ఎవరన్నదే మారింది.