నా గొంతులో దయ్యం

నల్లగొండ దగ్గరి మా ఊళ్లో నన్ను ఇప్పటికీ "గుట్ట మీద దయ్యం వదిలినోడు" అనే చెప్పుకుంటారు. పిల్లల తండ్రినయ్యాను, జుట్టు నెరిసింది, ఆ పేరు మాత్రం పోలేదు. నిజం చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే మా అవ్వకు అన్యాయం చేసినట్టు. పరువు ఎలాగూ సగమే మిగిలింది కనుక చెప్పేస్తున్నాను. దయ్యం లేదు. ఉన్నదల్లా పద్నాలుగేళ్ల మూర్ఖుడొకడు.

అది యాభైల నాటి మాట. ఓ పొద్దున మా గొర్రెలు బావి వైపు మళ్లితే గట్టిగా అదిలించాను. ఆ అదిలింపు ఎద్దు రంకెలా మొదలై, తోక తొక్కిన పిల్లి అరుపులా ముగిసింది. గొర్రెలు నిలబడి నన్నే చూశాయి. నీళ్లు చేదుతున్న ఆడపిల్లలూ చూశారు.

"గొంతుల కప్ప దూరిందా మల్లిగా?" అంది ఒకతె.

"కప్ప గాదే, గాడిద దూరింది" అంది ఇంకొకతె.

ఆ నవ్వు హైదరాబాదు దాకా వినిపించిందని నా నమ్మకం. నాకేదో మాయరోగం వచ్చిందని, అది తగ్గేదాకా నోరు తెరవకూడదని తీర్మానించుకున్నాను. ఇంట్లో పెద్దలను అడగవచ్చు కదా అంటారా? మా బాపు పెంపకంలో ప్రశ్నలు వేసేది ఆయనే. జవాబు ఆలస్యమైతే మిగతాది ఆయన చేతికర్ర అడిగేది.

అన్నానికీ సైగే, నీళ్లకూ సైగే. బాపును కన్న తల్లి, మా అవ్వ, బెంబేలెత్తింది.

"కొడుకా, పిల్లగానికి గాలి సోకింది. మిట్టమధ్యాహ్నం చింతల కింద పండుకున్నడు."

"గాలి లేదు గీలి లేదు. పని ఎగ్గొట్టుడు నేర్చిండు."

"నీకు గొర్ల ఫికరే గని కొడుకు ఫికరున్నదా? గుట్టకు పోదాం పా."

అవ్వ మాటకు ఎదురు లేదు. ముగ్గురం యాదగిరిగుట్టకు బస్సెక్కాం. గాలి సోకినవాళ్లు గుండంలో మునిగి, తడిబట్టలతో నరసింహస్వామికి ప్రదక్షిణలు చేయాలి. నేను తిరిగాను. మోకాళ్ల నొప్పులతో అవ్వ నా వెనకే తిరిగింది. ఒక్క మాట మాట్లాడితే చాలు, ఆమె కూర్చునేది. కానీ అక్కడ బావి దగ్గరికన్నా ఎక్కువమంది ఆడపిల్లలున్నారు. వాళ్లంతా నా గొంతు వినడానికే గుట్టెక్కారని నా లెక్క.

చివరకు అవ్వ మంగలి ముందు కూర్చుని కొప్పు విప్పింది. అంత ఒత్తయిన జుట్టు ఊళ్లో ఇంకెవరికీ లేదని ఆమెకు గర్వం.

"ముందుగాల నా ఎంటికలు తీస్కో సామీ, ఎన్క పోరనికి మాటియ్యి."

ఇక ఉండలేకపోయాను. "వద్దే అవ్వా, నాకు దయ్యం లేదు" అన్నాను. "వద్దే అవ్వా" వరకు బండగొంతు. మిగతాది చిన్నపిల్ల పాడినట్టు సన్నగా వచ్చింది.

పక్కనున్న ముసలామె చేతులు జోడించింది. "ఒక్కటి గాదు, రెండున్నయ్. ఒకటి మొగదయ్యం, ఒకటి ఆడదయ్యం."

జనం మూగారు. ముసలామే నన్ను నిలదీసింది.

"ఎవలు నువ్వు? పేరు చెప్పు."

"మల్లయ్య" అన్నాను. సన్నగా వచ్చింది.

"చూసిండ్రా, ఆడది మొగపేరు చెప్పి మోసం చేస్తాంది."

"నేను దయ్యాన్ని కాదు" అన్నాను, ఈసారి బండగా.

"ఇగో, మొగడొచ్చిండు."

నేను నోరు విప్పిన కొద్దీ దయ్యాలకు బలం పెరిగింది. అంతలో బాపు జనాన్ని తోసుకొచ్చి, నా గడ్డం పట్టి వెలుతురుకు తిప్పాడు. పళ్లు చూసి గొర్రె వయసు చెప్పే మనిషి, నా పైపెదవిని బొటనవేలితో రుద్ది చూశాడు.

"దయ్యం గాదే అవ్వా. మీసమొస్తాంది, గొంతు మారుతాంది. నాకూ గిట్లనే అయ్యింది."

"మరి ముందే చెప్పకపోతివి?" అన్నాను.

"నువ్వడిగినవా?" అన్నాడు.

మంగలి కత్తి పక్కన పెట్టబోయాడు. అవ్వ ఒప్పుకోలేదు. "ఇస్తనన్నంక ఇయ్యాలె. కొప్పు ఇప్పంగనే నోరు ఇప్పిండు గద."

గుండుతో ఊళ్లో దిగిన అవ్వను బావి దగ్గర అందరూ చుట్టుముట్టారు.

"దయ్యం పోయిందా పెద్దమ్మా?"

"ఒక్కటా? మొగడూ పెండ్లాం. వీని గొంతుల కాపురం బెట్టిండ్రు. పోయేటప్పుడు గూడ కొట్లాడుకుంటనే పోయిండ్రు."

నన్ను వెక్కిరించిన పిల్లలు భయంతో దారి వదిలారు. అది హాయిగా ఉండి, అవ్వ గుండు వైపు చూడకుండా నోరు మూసుకున్నాను. నా అసలు తప్పు అదే.

అందుకని నరసింహస్వామి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: గొంతు బొంగురుపోయినా, మొత్తానికే పోయినా, ఇక ఈ జన్మలో నోరు మూయను. ఈ ఒక్క ప్రమాణం మాత్రం వద్దని నా భార్య బతిమాలుతోంది.