అత్త బతుకమ్మకు ఇంజన్ రంగు

డిప్లొమా చేతికొచ్చిన ఆ కొత్తలో, కాగితం మీద వరుస నంబర్లు వేసి రాస్తే లోకంలో బాగుపడనిదంటూ ఏదీ ఉండదని గట్టిగా నమ్మేవాణ్ణి. పళ్లు తోముకోవడానికి కూడా నా దగ్గర జాబితా ఉండేది (ఆరు అంశాలు, నాలుకకు విడిగా ఒకటి). సూరత్‌లో మేనమామ ఇంట్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నాను. గోడాదరాలో ఇల్లు, పల్సానాలో బట్టలకు రంగు వేసే మిల్లులో మామకు మాస్టరు పని, ఇంటి ముందు ఆయన పాత పెట్రోలు కారు. ముందటి ఏడు సద్దుల బతుకమ్మ నాడు ఆ కారు ఫ్లైఓవర్ మధ్యలో దగ్గి దగ్గి ఆగిపోతే, అత్త బతుకమ్మను నెత్తిన పెట్టుకుని మైదానం దాకా నడిచింది. "ఈసారి గిట్ల ఆగిందనుకో, బతుకమ్మతోపాటు నీ కారును గూడ నీళ్లల్ల ఇడుస్త" అని మామను ముందే హెచ్చరించింది.

ఆ ఏటి పండగ పొద్దు రానే వచ్చింది. కారు రోగమేమిటో నాకు తెలుసు. "ఇంజన్ల కార్బన్ పేరుకుంది మామా. మసి. సాయంత్రం లోపల కడిగి ఇస్త" అన్నాను. "చేసినవా ఎప్పుడన్న?" అన్నాడు మామ. "రాసిన" అని పది అంశాల కాగితం చూపించాను. ఇంజన్ వేడి చేయడం, గాలి పీల్చే గొట్టం ఊడదీయడం, మందు కొంచెం కొంచెంగా పీల్పించడం, ఆపి పావుగంట నాననివ్వడం, మళ్లీ స్టార్ట్ చేసి గట్టిగా తొక్కడం... అన్నీ ఉన్నాయి. ఒక్కొక్కటీ పూర్తికాగానే పక్కన టిక్కు పెట్టుకుంటూ వెళ్లాను (టిక్కులకు విడిగా ఎర్ర పెన్ను).

కాగితంలో లేనిదొకటి కారు వెనక ఉంది. గునుగు పూలు. సూరత్‌లో అవి దొరకవు. ఊరి నుంచి రైల్లో ఒకే ఒక్క సంచి వచ్చింది. అత్త వాటిని కడిగి, గుత్తులు కట్టి, తెల్లగా మెరిసేలా మంచం మీద ఆరబెట్టింది, సరిగ్గా సైలెన్సర్‌కు ఎదురుగా. తొమ్మిదో అంశం: యాక్సిలరేటర్ తొక్కాలి. తొక్కాను. ఏళ్ల తరబడి పేరుకున్న మసి మందుతో కలిసి ఒక్క ఊపున బయటపడింది. గల్లీ మాయమైంది. పొగలోంచి ఎదురింటి గుజరాతీ ఆంటీ "అరే, ఆగ్ లగీ హై క్యా?" అని, నిప్పంటుకుందేమోనని కేక వేసింది. నేను మాత్రం, సిగ్గు విడిచి చెబుతున్నాను, "సక్సెస్!" అని అరిచి తొమ్మిదికి టిక్కు పెట్టాను.

పొగ విడిపోయేసరికి మంచం పక్కన అత్త నిలబడి ఉంది. పూలు బొగ్గుల్లా ఉన్నాయి. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. ఒక గుత్తి చేతిలోకి తీసుకుని, "పొద్దుమీకి ఏం పేర్వాల్రా ఇంజనీరూ?" అంది. కడిగి చూశాను. మసి జిడ్డు ఇంకా బాగా పట్టింది. ఇక నా దగ్గర పదకొండో అంశం లేదు.

మామ వచ్చి, మిల్లులో బట్ట చూసినట్టు పూలను వెలుతురుకు పట్టి చూశాడు. "జర ఆగుండ్రి. మరక వడ్డ బట్ట తాన్‌ను మేం పారేస్తమా? ముదురు రంగుల ముంచుతం" అన్నాడు. గంజులో నీళ్లు మరిగించి ఏవో రెండు పొడులు కలిపాడు. కొలవలేదు, రాసుకోలేదు, గరిటెతో ఒక చుక్క గోరు మీద వేసి చూసుకున్నాడు, అంతే. గునుగు పూలు నేరేడు పండు రంగులో పైకి లేచాయి, మసి వల్ల ఇంకాస్త లోతుగా. అత్త కళ్లు తుడుచుకుని తాంబాలం ముందు కూర్చుంది.

సాయంత్రం కారు ఫ్లైఓవర్‌ను ఒక్క దగ్గు లేకుండా ఎక్కి దిగింది. ఎవరూ గమనించలేదు (నేను గొంతు సవరించుకున్నాను, అయినా). మైదానంలో ఆడవాళ్లంతా అత్త చుట్టూ మూగారు. "గీ రంగు ఏడ దొరికింది వదినా? రింగ్ రోడ్డు బజార్లనా?" అత్త నా వైపు చూసి, "యాడిదక్కా! మా ఆడిబిడ్డ కొడుకు ఇంజన్లకెల్లి తీసిండు" అంది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది; అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

ఇప్పుడు కార్ల మరమ్మతే నా ఉద్యోగం. ప్రతి బతుకమ్మకూ అత్త ఫోన్ చేస్తుంది: "పూలొచ్చినయ్‌రా. నీ పొగ తెస్తవా, మామతోనే కానియ్యాల్నా?" ఆ కాగితం నా దగ్గర ఇంకా ఉంది, తొమ్మిది ఎర్ర టిక్కులతో. అది రాసిన కుర్రాడు, అప్పటి నేను, ఎప్పుడైనా ఎదురైతే కాగితం లాక్కోను. భుజాలు పట్టుకుని కారు వెనక ఏముందో చూసేలా ఒక్కసారి తిప్పుతాను, అంతే.