చెరిపేసిన ఎస్

కరీంనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లిష్ టీచరు ఉద్యోగం కోసం డెమో క్లాసు చెప్పడానికి వెళ్లాను. ఎనిమిదో తరగతి. చివరి బెంచీలో బడి కరస్పాండెంట్ కూర్చున్నాడు.

మా అవ్వ మరమగ్గాల షెడ్డులో ఏండ్ల తరబడి నూలు కండెలు చుట్టింది. అక్కడ జరిగినవన్నీ వింటూ పెరిగాను. అందుకేనేమో, అవ్వ తన అనుభవాలు నాకు చెప్పిందని బోర్డు మీద ఇంగ్లిష్‌లో రాశాను. అనుభవాలు అనే చోట ‘ఎక్స్‌పీరియన్సెస్’ అని పెట్టాను.

‘ఆగుండ్రి మేడం,’ అంటూ ఆయన లేచి వచ్చి, డస్టర్ అందుకుని చివరి ఎస్ చెరిపేశాడు. ‘ఎక్స్‌పీరియన్స్ లెక్కవెట్టేదా? దానికి ఎస్ రాదు. గింత తెల్వకుంట ఎట్ల వచ్చిండ్రు?’

పిల్లలు కిసుక్కుమన్నారు. నా చెవులు వేడెక్కాయి.

‘పనిల వచ్చే నేర్పు అయితే ఎస్ రాదు సార్. మనిషికి జరిగిన సంగతులైతే వస్తది.’

‘ఏ బడిల చదివిండ్రు?’

‘హుస్నాబాద్ సర్కారు బడిల. తెలుగు మీడియం.’

‘గదే అనుకున్న,’ అని పిల్లల వైపు తిరిగి నవ్వాడు.

నేను తప్పు రాసి ఉంటే తల దించుకునేదాన్ని. తప్పు ఆయనది, నవ్వులపాలయ్యేది నేనా? డిక్షనరీ తీయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఇక ఆయన్ని వదిలేసి పిల్లల్ని అడిగాను.

‘మీ బాపుకు పనిల అనుభవం ఉన్నదా?’

‘ఉన్నది మేడం!’

‘ఇంటికొచ్చినంక అనుభవం చెప్తడా, అనుభవాలు చెప్తడా?’

ముందు బెంచీలోని అమ్మాయి లేచింది. ‘అనుభవాలు మేడం. లారీ తోలంగ జరిగినయన్ని చెప్తడు.’

నేను ఎస్ మళ్లీ రాశాను.

క్లాసయ్యాక ఆఫీసులోకి పిలిచాడు. ‘మంచిగనే చెప్పిండ్రు. రేపటి సంది రాండ్రి. కాని గా ఎస్ తప్పని రేపు క్లాసుల చెప్పాలె. పిల్లల ముందట నా ఇజ్జత్ ఏం గావాలె?’

‘తప్పు కానిదాన్ని తప్పని ఎట్ల చెప్పాలె సార్?’ అని సర్టిఫికెట్లు తీసుకుని బయటికొచ్చేశాను.

ఇంటికెళ్లి చెబితే అవ్వ మండిపడింది. ‘నేను చెప్పినయి ఒకటా రెండా? ఆనికేం ఎరుక?’

ఇప్పుడు లక్సెట్టిపేటలో ఇంకో బడిలో చెబుతున్నాను. నేను వచ్చేశాక ఆ పిల్లలతో బోర్డు మీది ఎస్ తప్పనే చెప్పించి ఉంటాడు. ఆ అమ్మాయి కూడా నోట్సులో కొట్టేసుకునే ఉంటుంది. అది తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.