ఇంగ్లండు దొర పాఠం

సూర్యాపేట కాలేజీలో చరిత్ర చెప్పే నేను, ఆదివారాలు మిర్యాలగూడలో దూరవిద్య క్లాసులకు వెళ్లేవాణ్ని. పనులు చేసుకుంటూ డిగ్రీ చదివే పెద్దవాళ్లే అక్కడ విద్యార్థులు. సిలబస్‌లో మధ్యయుగపు ఇంగ్లండు ఉండేది. అందులో నాకు బాగా ఇష్టమైన పాఠం ఒక ప్రభువు జీవితం.

ఆయన తొమ్మిదేళ్లకే తండ్రిని పోగొట్టుకున్నాడు. రాజు ఆ పిల్లవాణ్ని, అతని ఊళ్లను తన చేతిలోకి తీసుకున్నాడు. ఎవరిని పెళ్లాడాలో కూడా రాజే తేల్చాడు. పెద్దయ్యాక రాజు కోసం యుద్ధాలు చేశాడు, తర్వాత ఆ రాజు మీదే తిరగబడ్డాడు. ఓడిపోయి, ఉన్నదంతా వేరే దొరలపాలై, చెరలో పడ్డాడు. ముసలితనంలో క్షమాపణ దొరికి, కోట మళ్లీ ఆయనదైంది. అప్పటికి భార్య లేదు. అక్కడికి వచ్చేసరికి ఆయన మీద జాలేసి, ఆ వాక్యం రెండుసార్లు చదివేవాణ్ని.

ఒకరోజు త్రిపురారం వైపు నుంచి వచ్చే అంగన్‌వాడీ టీచర్ ఒకామె లేచి నిలబడింది.

"సార్, ఊర్లు ఒక దొర చేతిల నుంచి ఇంకో దొర చేతిలకు వోయినయంటున్నరు. మరి ఆ ఊర్లల్ల దున్నేటోళ్లు ఏమైన్రు?"

పన్నెండేళ్లుగా ఆ పాఠం చెబుతున్నా ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. "చదివి వచ్చే వారం చెప్తానమ్మా" అన్నాను. బస్సులో తిరిగి వస్తుంటే సిగ్గనిపించింది. మా తాత కూడా ఇతరుల పొలాల్లో పనిచేసిన మనిషే.

వారమంతా వెతికాను. దొర మారినా దున్నేవాళ్ల బతుకు మారలేదు. వారంలో మూడు రోజులు ప్రభువు పొలంలో ఊరికే పనిచేయాలి. ఆయన అనుమతి లేనిదే ఊరు విడిచి పోకూడదు. క్లాసులో ఆ సంగతి చెప్పగానే, "అంటే వెట్టి గద సార్" అందామె. "మా తాత గూడ దొర గడీల వెట్టి జేసిండు. తొమ్మిదేండ్లకే పశుల కాడికి వోయిండు."

"అయితే ఆ ప్రభువు మీద జాలిపడొద్దంటావా అమ్మా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"గట్ల నేనెందుకంట సార్? అయ్య సచ్చిపోతే ఆ పిలగాడు గూడ ఏడ్సుంటడు. జర మా తాతసొంటోళ్ల ముచ్చట గూడ చెప్పుండ్రి."

"అది నాకంటే నీకే బాగా తెలుసు. నువ్వు చెప్పు" అని సుద్దముక్క ఆమె చేతికిచ్చి, ముందు బెంచీలో కూర్చున్నాను.

మొదట మొహమాటపడింది. తర్వాత బోర్డు మీద తాత పేరు రాసి మొదలుపెట్టింది. మధ్యాహ్నం అన్నం వేళ దాటినా ఎవరూ లేవలేదు.