మా ఇంటి మాటతో ఆడిన ఆట

కాలేజీలో నేను క్వార్టర్‌బ్యాక్‌ని. ఈ మాట చెప్తే, అందరూ తమిళం మాట్లాడే మా ముత్తియాల్‌పేటలో ఇప్పటికీ ఎవరికీ అర్థం కాదు. "అంటే గోల్ కీపరా?" అంటారు. కాదు మహాప్రభో! అమెరికావాళ్ళ ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో అందుకుని ముందుకు విసిరే మనిషి. మేం ఆడింది దానికి చెల్లెలి వరసయ్యే ఫ్లాగ్ ఫుట్‌బాల్. జట్టుకి అయిదుగురం. గుద్దుకోవడాలూ పడెయ్యడాలూ ఉండవు. నడుముకి రిబ్బన్లు కట్టుకుంటాం, బంతి పట్టుకుని పరుగెత్తేదాని రిబ్బను అవతలివాళ్ళు లాగేస్తే అక్కడికి ఆగిపోవాలి. అందులో ఒక నియమం ఉంది: విసిరే మనిషి తాను బంతితో ముందుకు పరుగెత్తకూడదు. మిగతా అమ్మాయిలు పరుగులు తీస్తుంటే వెనక నిలబడి వాళ్ళ వీపులు చూస్తుండాలి, అంతే.

ఆ నియమం నాకు కష్టమనిపించలేదు. నాకు అలవాటే. అమ్మ నా ఏడో తరగతిలోనే పోయింది. తోబుట్టువులు లేరు. నాయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్, ఎప్పుడు వస్తాడో తెలీదు. సాయంత్రాలు కురుచికుప్పం వెళ్ళి, గట్టు మీద కూర్చుని సముద్రంలోకి రాళ్ళు విసిరేదాన్ని. ఏళ్ళ తరబడి అదే ఆట. కాలేజీలో చేరిన వారానికి మా పీటీ సార్ అమ్మాయిలందరినీ వరసగా నిలబెట్టి ఆ కోడిగుడ్డు ఆకారపు బంతి విసిరించారు. నాది అందరికంటే దూరం పోయింది. "నువ్వే క్వార్టర్‌బ్యాక్" అన్నారు. ఒకరు నన్ను ఏరి పక్కన నిలబెట్టడం అదే మొదలు. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్ముతారా?

మొదటి ఏడాది అన్నీ ఓటములే. ఎవరు ఎటు పరుగెత్తాలో విసిరే మనిషే చెప్పాలి. నేను తమిళంలో అరిచేదాన్ని. చెన్నై నుంచో కోయంబత్తూరు నుంచో వచ్చిన అవతలి జట్టు అమ్మాయిలు అది విని, మావాళ్ళకంటే ముందే అక్కడికి చేరుకునేవాళ్ళు.

రెండో ఏడాది ఒక ఆటలో నాకు తిక్క రేగింది. నేను ఒకవైపు పొమ్మంటే మా జట్టు పిల్ల ఒకతి ఇంకోవైపు పోయింది. "ఎడం పక్క పోవే అంటే యాడికి పోతాండావు, కండ్లు యాడ పెట్టుకున్నావు?" అని ఇంటి మాటలో తిట్టిపోశాను. మైదానంలో ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అవతలివాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు. సార్ మాత్రం పకపకా నవ్వి, "ఇకనుంచి అంతా ఇలాగే తిట్టు" అన్నారు.

ఆ మర్నాడు ఆటలో అరవడానికి మాటలు కావాలని నాయన్ని అడిగాను. అమ్మ పోయాక మా వీధిలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. అది కూడా "తిన్నావా, పడుకో, తలుపేసుకో" వరకే. అలాంటిది ఆయన చెయ్యి కడుక్కోకుండా కంచం ముందే కూర్చుని నాకు మాటలు ఇచ్చాడు. "తిన్నగా పోయి నిలు. వంపు తిరిగి రా. ఎడం పక్కకి మళ్ళుకో. వాండ్ల ఎనకమాల నుంచి జారుకో." ఒక్కోటి చెప్పి, "ఇది బాగుండాదా?" అని అడిగాడు. ఆయన అన్ని మాటలు ఒక్కపూట మాట్లాడగా నేను అంతకు ముందు వినలేదు.

నలుగురు తమిళ పిల్లలు ఆ మాటల్ని పాఠంలా బట్టీపట్టారు. గెలవడం మొదలుపెట్టాం. ఒకరోజు నాయన డ్యూటీ దిగి, యూనిఫాం మార్చుకోకుండానే మైదానం కంచె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నేను అరిచిన మాటకి నలుగురూ నాలుగు దిక్కులా పరుగెత్తుతుంటే ఆయన ముఖం చూడాలి! ఇంటికొచ్చాక, "మన మాటకి ఇంత పవరుండాదా?" అన్నాడు. నవ్వు ఆపుకోలేకపోయాడు.

మూడో ఏడాదికి గట్టి పోటీ వచ్చింది. రెండో సంవత్సరం పిల్ల ఒకతి నాకంటే వేగంగా విసిరేది. సార్ దాచలేదు. "గుంటూరు టోర్నమెంటులో మొదటి ఆట నువ్వు ఆడు. బాగా ఆడితే చివరిదాకా నీదే. లేకపోతే ఆమెకిస్తాను" అన్నారు. నాకు మిగిలింది అదే టోర్నమెంటు. తరవాత పరీక్షలు, ఆ పైన ఏదో ఉద్యోగం. బంతి చేతిలో ఉన్నప్పుడే నేనొకదాన్ని ఉన్నానని నలుగురికి తెలిసేది. అది పోతే మళ్ళీ గట్టూ, రాళ్ళూ.

గుంటూరు అన్నారు కదా, మీకు ఈపాటికే నవ్వొస్తుంటుంది. మాకు తట్టలేదు! నాకూ తట్టలేదు, నాయనకీ తట్టలేదు. రైలు దిగాక బోర్డుల మీద గుండ్రటి అక్షరాలు చూశాను. ఒక్కటీ చదవలేను, ఈ రాత తరవాత నేర్చుకున్నదే. టీ కొట్టులో, బస్సులో అంతా తెలుగే వినిపిస్తోంది. అయినా బుర్రకెక్కలేదు. పుట్టిన దగ్గర్నుంచీ నా తెలుగు మా ఇంటి నాలుగ్గోడల మధ్యదే. దాన్ని ఇంకెవరైనా అర్థం చేసుకుంటారన్న ఆలోచన ఎక్కడినుంచి వస్తుంది?

మొదటి బంతి అందుకోబోతూ అరిచాను. "ఎడం పక్కకి మళ్ళుకో!"

"ఎడం పక్కే కదక్కా, వస్తున్నా!" అంది అవతలి పిల్ల. వచ్చింది, బంతి లాక్కుంది. రెండోసారి "వంపు తిరిగి రా" అన్నాను. "ఈ అక్క ముందే అడ్రస్ చెప్పేస్తోందే!" అని ఇంకొకతి. మైదానం చుట్టూ నిలబడ్డ జనమంతా గొల్లుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

సార్ ఆట ఆపించి పరుగున వచ్చారు. "ఏమైంది?"

"వాళ్ళకి తెలుగొచ్చు సార్."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "ఆంధ్రాలో తెలుగు రాక ఇంకేమొస్తుంది?"

తమిళంలో చెప్పి చూశాను. ఏడాదిన్నరగా నోటికి పట్టింది ఒకటి, ఇప్పుడు పలికేది ఒకటి. నేను తడబడ్డాను, మావాళ్ళు ఒకరినొకరు గుద్దుకున్నారు. అప్పుడా రెండో సంవత్సరం పిల్ల మెల్లగా, "అక్కా, వేళ్ళు చూపిద్దాం. ఒకటంటే ఎడమ, రెండంటే కుడి" అంది. మంచి మాటే. కానీ నా ముక్కు మీది కోపం ఊరుకుంటుందా? "వేళ్ళు చూపించి ఆడటానికి నేనేమన్నా మూగదాన్నా?" అని అందరి ముందూ కసిరాను. సార్ నా చేతిలోంచి బంతి తీసుకుని, "సరే, నువ్వు కూర్చో" అన్నారు.

ఆ పిల్ల వేళ్ళు చూపించింది. మావాళ్ళు గెలిచారు. బెంచీ మీద నా పక్కన నీళ్ళ సీసాలు, అందరి చెప్పులు. గెలిచినందుకు చప్పట్లు కొట్టాను, కొట్టకపోతే బాగుండదు కాబట్టి. ఆ తరవాతి ఆటలో ఓడిపోయారు, అందులోనూ నన్ను పిలవలేదు. ఇక ఎప్పుడూ పిలవలేదు.

సాయంత్రం అవతలి జట్టు పిల్ల, నా మొదటి బంతి లాక్కున్నదే, వెతుక్కుంటూ వచ్చింది. "నీ తెలుగు భలే ఉందక్కా, మా తాతమ్మ మాట్లాడినట్టుంది. ఇంకేమైనా మాట్లాడవా?" అంది. పాపం, ఎగతాళికి కాదు. ముద్దొచ్చే అడిగింది. నేను మాత్రం తమిళంలో, నాకు తెలుగు రాదని చెప్పి సంచీ సర్దుకున్నాను. చుట్టూ అంతమంది నా మాట మాట్లాడే ఊళ్ళో, నా జన్మలో అంత ఒంటరిగా ఎప్పుడూ లేను.

ఇంటికి చేరేసరికి పొద్దున పది. నాయన సెలవు పెట్టి కూర్చున్నాడు. మా జట్టువాళ్ళు పంపిన వీడియో ఆయన ఫోన్లో ఉంది.

"ఆ చిన్నబిడ్డ విసరతా ఉంది, నువ్వు కూసోని ఉండావు. ఏందమ్మా?"

ఏమని చెప్పను? నువ్విచ్చిన మాటలే నన్ను బయట కూర్చోబెట్టాయని చెప్పనా? కంచె దగ్గర వెలిగిన ఆ ముఖానికి?

"చెయ్యి నొప్పి నాయనా" అన్నాను.

"అట్నా? ముందే చెప్పకూడదా!" అని లేచి పోయి నూనె వెచ్చబెట్టి తెచ్చాడు. నా భుజం మీద రాసి, స్తంభాలెక్కి కాయలు కాసిన వేళ్ళతో మెల్లగా నొక్కాడు.

"యాడ నొప్పి? ఈడనా?"

"ఆఁ."

"ఇంగా కిందా?"

"ఇంకొంచెం కింద" అన్నాను.