జేజి మడీ, ఫోటోకప్లరూ

మొన్న మా మనవడు పాడైన ఫోను చార్జరును పగలగొట్టి లోపలంతా చూపిస్తుంటే, వేలిగోరంత కూడా లేని నాలుగు కాళ్ళ నల్లటి ఫోటోకప్లరు కనబడింది. ఇన్నేళ్ళయినా దాన్ని చూస్తే నా గుండె జారుతుంది. ఎందుకో నా ఈడువాళ్ళతో చెప్పుకోవాలనిపించింది.

మార్కాపురంలో మా నాయనకు రేడియోలు బాగుచేసే దుకాణం ఉండేది, పెళ్ళికి ముందు నేనూ అక్కడే సోల్డరింగు చేసేదాన్ని. తొట్టి నిండగానే బోరు మోటారు తనంతట తానే ఆగిపోయే పెట్టెలు కూడా కట్టి ఇచ్చేవాళ్ళం. నీళ్ళలో వేలాడే తీగలది చిన్న బ్యాటరీ కరెంటు, మోటారుది ప్రాణం తీసే కరెంటు. రెండింటి నడుమ కూర్చునేదే ఫోటోకప్లరు. దాని కడుపులో ఒకపక్క చిన్న దీపం, రెండోపక్క ఆ వెలుగును చూసే కన్ను, మధ్యలో తీగ అనేదే ఉండదు. నాకది ఇట్టే అర్థమయింది, ఎందుకంటే మా జేజి, అంటే మా నాయనమ్మ, మడి కట్టుకుని వంటింట్లోంచే ఇంటిల్లిపాదికీ పనులు పురమాయించేది గానీ, మమ్మల్ని గడప దాటనిచ్చేది కాదు. మాట దాటొచ్చు, మనిషి దాటకూడదు. అంతా తెలుసన్న నా పొగరే ఒకరి ప్రాణం మీదికి తెచ్చింది.

పొదిలి దారిలో గొర్రెలు కాచుకునే ఒక పెద్దమ్మకు పెట్టె కట్టే సమయానికి ఫోటోకప్లరు ముక్కలు అయిపోయాయి. గుంటూరు నుంచి తేవాలంటే రెండు రోజులు. మోటారుకు కాపలా ఉండలేక ఆమె తొందరపెడుతోంది. నేను నాయనకు చెప్పకుండా, ఆ ముక్క ఉండాల్సిన చోట తీగలు కలిపేసి మూత బిగించాను. దుకాణంలో పరీక్షిస్తే పనిచేసింది కూడా.

బిగించడానికి నాయనతో నేనూ వెళ్ళాను. మోటారు తిరిగింది, తొట్టి నిండుతోంది, పెద్దమ్మ మురిసిపోతూ చెంబు ముంచబోయింది. అలవాటు ప్రకారం నీళ్ళకు టెస్టరు ఆనించిన నాయన ఒక్క అరుపు అరిచాడు.

"పెద్దమ్మా, చెయ్యి పెట్టబాకు!"

టెస్టరులో దీపం వెలుగుతోంది.

మోటారు ఆపి, పెట్టె విప్పి చూసిన నాయన నన్ను తిట్టలేదు, తిట్టినా బాగుండేది. "ముక్క లేదని ఆయమ్మకు చెప్తే ఏం పోయేదమ్మా, రెండు దినాలు ఆగేది గదా" అన్నాడు, అంతే. మర్నాడే రైలెక్కి పోయి ఆ ముక్క తెచ్చి, నా చేతే పెట్టించాడు. ఈసారి టెస్టరు వెలగలేదు. అయినా పెద్దమ్మను పక్కన నిలబెట్టి, ముందు నన్ను చెయ్యి పెట్టమన్నాడు. మోచేతిదాకా ముంచాను. ఆ తర్వాత మేము ఏ పెట్టె బిగించినా, మొదట నీళ్ళలో దిగింది నా చెయ్యే.

ఇప్పుడు ఆ పెట్టెలు ఎక్కడెక్కడి నుంచో వస్తున్నాయి, మావాటికన్నా నాజూకుగా, చవకగా. వాటికి వంక పెట్టను. కానీ కట్టినవాళ్ళెవరో కొన్నవాళ్ళకు తెలియదు. ఏ పెద్దమ్మ చెయ్యి ఆ నీళ్ళలో మునుగుతుందో కట్టినవాళ్ళకూ తెలియదు.